గాలి మిషన్ పక్కన మంచం

ఆ చలికాలం చివర్లో మా స్టేషన్ ఫిల్టర్లు అంత శుభ్రంగా ఎందుకు వచ్చాయో నేను ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో రాయబోయి కూడా ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను.

కరోనా సద్దుమణిగిన మరుసటి సంవత్సరం అది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయ్యాక ఒక పరిశోధన సంస్థలో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరాను. తీర సముద్రం మీది గాలిలో తేలే సన్నని రేణువులు దేనితో తయారయ్యాయో తెలుసుకోవడం మా పని. అలల తుంపర ఆరితే ఉప్పు రేణువు మిగులుతుంది. నేల మీది పొగ గాలివాటున అంతదూరం పోయి దాన్ని కలుసుకుంటుంది. పొగలోని ఆమ్లం తగిలితే ఉప్పులోని క్లోరిన్ వదిలిపోయి, ఆ రేణువు వేరే లవణంగా మారిపోతుంది. ఇందులో నేల వాటా ఎంతో తేలాలంటే సముద్రంలో ఓడ మీద, ఇక్కడ అడవి అంచున, ఒకే రోజుల్లో గాలిని పట్టాలి. ఓడ ఎక్కేవాళ్లు వేరే. మాది కుసుమంచి, నేను అప్పటికి సముద్రాన్ని చూడనే లేదు. నా వంతుకు ఏన్కూరు దాటాక అడవి మొదలయ్యే చోట ఒక డాబా వచ్చింది. అదే మా స్టేషన్.

ఆ ఇల్లు సైదులు తాతది. ఊరూరా తిరిగి దూది ఏకి, పరుపులు కుట్టిన మనిషి. ఆ దూది దుమ్ము ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరి, నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకునేవాడు. డాబా మీద రేకుల షెడ్డు పక్కన మా హై వాల్యూమ్ శాంప్లర్ పెట్టాం. నడుమెత్తు పెట్టె, పైన గుడిసె కప్పులాంటి మూత. లోపలి మోటారు గాలిని లాగుతుంటే తెల్లని క్వార్ట్జ్ ఫిల్టర్ మీద రేణువులు నిలుస్తాయి. రోజూ పొద్దున పోయి దాన్ని మార్చి, ఫాయిల్‌లో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టేదాన్ని.

"ఏంది మేడం, గింత పెద్ద మిషన్ వెట్టి రోజుకో కాగితమే తీస్తున్నవ్?" అని తాత ఆటపట్టించేవాడు.

నేను తలవంచుకొని నవ్వేదాన్ని. కొన్నాళ్లకు ఆయన మంచం షెడ్డులోకి, మిషన్ పక్కకు చేరింది. కాపలా కోసమేమో అనుకున్నాను. అడగలేదు.

"నేను గురక వెడితే లేచి కూసుంటడు. గీ మిషన్ మోతకు మాత్రం మంచిగ నిద్రవోతడు. నా సవతిని తెచ్చిపెట్టినవ్ బిడ్డా," అంది ఆయన భార్య హుసేనమ్మ.

ఇంతలో ప్రాజెక్ట్ నడిపే మా సార్ ఫోన్ చేశారు. ఫిల్టర్‌ను నీళ్లలో నానబెట్టి ఏ లవణం ఎంతుందో చూసే పరీక్షలో మా స్టేషన్ పొటాషియం వారానికోసారి ఒక్కసారిగా పెరిగిపోతోంది. కట్టె, ఆకు కాలిన పొగకు గుర్తు పొటాషియం.

"వారానికోసారి అడవిని ఎవరు తగలబెడతారమ్మా? దగ్గర్లోనే ఏదో ఉంది, చూడు. ఓడ బయల్దేరబోతోంది. నీ దగ్గర తప్పుడు లెక్క వస్తే ఓడ మీది శాంపిళ్లకు జోడీ ఉండదు. మళ్లీ ఓడ దొరకదు," అన్నారు.

చూస్తే, అలా పెరిగినవన్నీ గురువారం ఫిల్టర్లే. ఆ గురువారం సాయంత్రం నేను డాబా మీదే ఉన్నాను. హుసేనమ్మ నిప్పుల మీద లోబాన్, అదే సాంబ్రాణి, చల్లిన ధూపదానితో మెట్లెక్కి వచ్చింది. మంచం చుట్టూ పొగ తిప్పింది. తర్వాత మిషన్ చుట్టూ కూడా తిప్పి, మూత కింద కాసేపు పట్టింది.

"దానికెందుకు అవ్వా?"

"దిష్టి తగలొద్దని. ముసలోని పాణం గా మిషన్‌లనే ఉందాయె."

తాత మంచం మీద లేచి కూర్చున్నాడు. "రోజూ నువ్వు తీస్తవు గద, తెల్లగ పెట్టిన కాగితం నల్లగైతది. గా నలుపంత నా రొమ్ముల వోవాల్సింది. మిషన్ గుంజుకుంటున్నది. ఇన్నేండ్లకు కాళ్లు సాపుకొని పడుకుంటున్న బిడ్డా."

ఎవరితోనైనా కష్టమైన మాట చెప్పాలంటే ముందే వాక్యాలు కూర్చుకొని బట్టీ పడతాను. ఆ రాత్రీ అదే చేశాను. లోబాన్ కిందనే వేసుకో అవ్వా అంటే సరిపోయేది. కానీ బట్టీ పట్టిన మాటలు మధ్యలో ఆగవు. మర్నాడు అన్నీ చెప్పేశాను.

"తాతా, ఇది గాలిని శుభ్రం చేయదు. గాలిలో ఏముందో పట్టి చూపిస్తది, అంతే."

"మరి గా నలుపు?"

"పెట్టెలోకి పోయిన గాలిది. మీరు పీల్చే గాలి ఎప్పటిలాగే ఉంటది."

"అవ్," అన్నాడు. మర్నాటికి మంచం కిందికి దిగింది.

కింద ఆయనకు నిద్ర పట్టలేదు. గోడకు దిండ్లు పెట్టుకొని కూర్చునే తెల్లవార్చేవాడు. ఒట్టి మంచమైతే మా పనికి అడ్డం కాదు. పైకి రమ్మని బతిమాలాను.

"ఏమిటికి బిడ్డా? మోత ఇనెటందుకా?"

ధూపదాని మళ్లీ మెట్లెక్కలేదు. ఫిల్టర్లు శుభ్రంగా వచ్చాయి. ఓడ మీది శాంపిళ్లకు చక్కటి జోడీ అయ్యాయి. నేల పొగ సముద్రపు ఉప్పును ఎట్లా మారుస్తుందో ఆ చలికాలం మాకు స్పష్టంగా కనిపించింది. సార్ మీటింగులో నా పేరు చెప్పి మెచ్చుకుంటే, తలెత్తకుండా కూర్చున్నాను. శాంపిల్‌లో చేరకూడనిది చేరితే దాన్ని మేము కంటామినేషన్ అంటాం. తాత నిద్రనూ అందులోనే కలిపి ఊడ్చేశాను. ఇప్పుడు ఎక్కడ మిషన్ పెట్టినా, బిగించకముందే అది చేసేదేమిటో, చేయనిదేమిటో ఇంటివాళ్లకు చెబుతాను. ఎవరూ దాని మీద ఆశ పెట్టుకోకముందే చెప్పాలి. పెట్టుకున్నాక చెప్పాల్సి వస్తే, పనికి ఎంత అవసరమో అంతే చెప్పాలి.

మిషన్ విప్పి ఆటోలో ఎక్కించిన రోజు, పోయి వస్తానని చెప్పడానికి లోపలికి వెళ్లాను. తాత గోడకు ఆనుకొని కూర్చున్నాడు. కోపంగా లేడు. నా చెయ్యి పట్టుకొని, ఊపిరి కూడదీసుకున్నాడు.

"నువ్వు చెప్పింది నిజమే బిడ్డా. జర చలికాలం వోయినంక చెప్పకపోతివా."