హ్యాండిల్ మీద ఎర్ర గీత

అన్నయ్య బట్టలు, బూట్లు, గడియారం అన్నీ తను పోయాక చర్చిలో పెట్టిన ఆదరణ కూడిక అయిన మర్నాడే సంఘంలో పంచేశాం. పోయినవాళ్ళు ప్రభువులో నిద్రిస్తున్నారు, వాళ్ళ వస్తువులు ముందు పెట్టుకుని కుమిలిపోకూడదని మా పాస్టర్ గారి మాట. అందరూ తలూపారు, నేనూ ఊపాను. మోటార్‌సైకిల్ సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. అది నోయిడాలో అన్నయ్య ఆఫీసు కింద పార్కింగ్‌లో దుమ్ము పట్టి ఉంది, హెల్మెట్ కూడా దానికే తగిలించి ఉంది. ఆ భవనంలోనే ఒక ఉదయం లిఫ్ట్ కోసం నిలబడి ఉండగా అన్నయ్య గుండె ఆగిపోయింది. బండి తెచ్చే పని నామీద పడింది.

అన్నయ్య నాకంటే బాగా పొడుగు, చేతులు మరీ పొడుగు. అందుకు తగ్గట్టు హ్యాండిల్‌ని ముందుకి తిప్పి బిగించుకున్నాడు. నేనెక్కితే గ్రిప్పులు అందుకోవడానికే నడుం వంగిపోయింది. మోచేతులు బిర్రబిగుసుకుని, ఒంటి బరువంతా మణికట్ల మీద పడింది. ఇందిరాపురంలో ఇల్లు చేరేసరికి చిటికెన వేళ్ళు తిమ్మిరెక్కాయి. తిట్టుకుంటూ దిగాను. పోయినవాళ్ళని తిట్టకూడదంటారు గానీ, అన్నదమ్ముల మధ్య ఆ మర్యాదలు ఎప్పుడున్నాయి కనక?

హ్యాండిల్‌ని మధ్యలో పట్టి ఉంచే క్లాంప్ మీద ఒక ఎర్ర గీత ఉంటుంది. సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడల్లా మెకానిక్ తనకి తోచినట్టు హ్యాండిల్ తిప్పేస్తున్నాడని విసుగెత్తి, అన్నయ్య వదిన గోళ్ళరంగు తెచ్చి క్లాంప్ మీంచి హ్యాండిల్ గొట్టం మీదికి ఒకే గీత గీశాడు. క్లాంప్ మీది ముక్కా, గొట్టం మీది ముక్కా కలిస్తే హ్యాండిల్ తన కొలతలో ఉన్నట్టు. కొత్త సీసా బండికి పూశాడని వదిన ఆ రోజంతా మాట్లాడలేదు. బండి కొన్నప్పుడు పాస్టర్ గారు ఆ హ్యాండిల్ మీదే చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. నేను ఎప్పుడు బండి అడిగినా, "ప్రార్థన చేసిన హ్యాండిల్‌రా, తిప్పావంటే ఊరుకోను" అనేవాడు అన్నయ్య.

నా ఆఫీసూ నోయిడాలోనే. మెట్రో మానేసి బండి మీద వెళ్ళడం మొదలుపెట్టాను. దారిలో సిగ్నల్ దగ్గర ఒక అద్దాల భవనం ఉంది. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేవేళ రోడ్డంతా అందులో కనబడుతుంది. ఒకరోజు అక్కడ ఆగి అటు చూశాను. అన్నయ్య కూర్చుని ఉన్నాడు. అదే హెల్మెట్, అదే ముందుకి వంగిన వీపు, అవే చాచిన చేతులు. నేను చెయ్యి ఎత్తితే తనూ ఎత్తాడు. లైటు మారినా బండి కదపలేదు. వెనక కారువాడు హారన్ మోగిస్తూనే ఉన్నాడు.

మాలో దయ్యాలకి చోటు లేదు. ఆ మాటెత్తితే పాస్టర్ గారు నాకోసం ఉపవాస ప్రార్థన పెట్టించేవారు. అది దయ్యం కాదని నాకూ తెలుసు. హ్యాండిల్ ఆ కొలతలో ఉంటే ఎవరైనా అలాగే వంగుతారు, అంతే. అయినా మర్నాడు అదే సిగ్నల్ కోసం పొద్దున్నుంచీ ఎదురుచూశాను. ఆ రోడ్డు మీద ఆకుపచ్చ లైటు పడిందని చిరాకు పడిన మనిషి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

నొప్పి మాత్రం ముదిరింది. రాత్రిళ్ళు వేళ్ళు మొద్దుబారి మెలకువ వచ్చేది. ఆఫీసులో అందరూ హ్యాండిల్ కాస్త నీవైపు తిప్పించుకో, ఎంతసేపు పని అన్నారు. సరే సరే అనేవాణ్ణి. తిప్పితే ఆ అద్దంలోంచి అన్నయ్య వెళ్ళిపోతాడు. ఒకసారి పోగొట్టుకున్నది చాలు, రెండోసారి నా చేత్తో నేను చెయ్యలేను.

నేనుండేది అన్నయ్య వాళ్ళ పక్క టవర్‌లో. ఆఫీసు నించి నేరుగా వదిన దగ్గరికి వెళ్ళి, రాత్రి భోజనం అక్కడే చేసేవాణ్ణి. నేను గుమ్మంలో హెల్మెట్ తీయగానే అన్నయ్య కూతురు, నాలుగేళ్ళది, ఒక్క క్షణం నా మొహం చూసి గదిలోకి పరిగెత్తేది. కార్టూన్ల పిచ్చి అనుకున్నాను. దానికి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే.

ఒక సాయంత్రం నా చేతిలోంచి మంచినీళ్ళ గ్లాసు జారిపోయింది. వదిన నర్సు. నా మణికట్టు పట్టుకుని అటూ ఇటూ వంచి చూసింది.

"ఎన్నాళ్ళబట్టి ఇట్టా ఉంది తమ్ముడూ?"

"బండి వల్ల వదినా. అలవాటైపోద్దిలే."

"నరం నలిగిపోతావుంటే అలవాటేంటి? హ్యాండిల్ నీకు సరిపడా తిప్పుకో."

"అన్నయ్య పెట్టుకున్నది కదా."

వదిన నా చెయ్యి వదిలేసింది. గది తలుపు దగ్గరగా వేసి వచ్చి, గొంతు తగ్గించింది.

"నీ చేతుల కోసం ఒక్కటే చెప్పట్లేదు. నువ్వొచ్చే టైముకి పాప బాల్కనీలో నిలబడద్ది. నువ్వు గేటు దాటి మలుపు తిరగ్గానే 'పాపా ఆ గయే' అని గంతులేస్తది. నాన్నొచ్చాడంట. రోజూ. కాదమ్మా, చాచూ, బాబాయి అని నేను రోజూ చెప్పాలి. నువ్వు హెల్మెట్ తీసిందాకా నమ్మదు. తీశాక లోపలికి పోయి దుప్పట్లో దూరి ఏడుస్తది."

"నాన్న లేడని చెప్పాం కదా వదినా?"

"ఏవని చెప్పాం? నిద్రపోతన్నాడని చెప్పాం. సండే స్కూల్లోనూ అదే చెప్పారు. నిద్రపోయినోళ్ళు లేస్తారుగా మమ్మీ అంటది. ఏం చెప్పను? నిన్నయితే కాదు అని నేను కూడా అనలేకపోయా. నాకూ ఆయనే అనిపించాడు."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఆ అద్దంలో కనబడేది నా ఒక్కడి సొంతం అనుకున్నాను. అదే మనిషి రోజూ ఆ బాల్కనీకీ కనబడుతున్నాడని, అక్కడ ఒక పసిదాన్ని రోజూ ఏడిపిస్తున్నాడని నాకు తట్టలేదు. అన్నం కెలికి లేచి వెళ్ళిపోయాను.

ఆదివారం ఆరాధన అయ్యాక పాపని పక్కింటి ఆంటీ దగ్గర వదిలి, నేనూ వదినా పార్కింగ్‌లోకి దిగాం. సీటు కింద చిన్న పానా ఉంది. క్లాంప్ బోల్టులు వదులు చేసి బండెక్కి కూర్చున్నాను. వదిన బండికి ఎదురుగా నిలబడి హ్యాండిల్ పట్టుకుంది.

"కళ్ళు మూసుకో. భుజాలు వదిలెయ్. చేతులు ఎక్కడ హాయిగా ఆగితే అక్కడ పెట్టు."

చేతులు చాచాను. చాచిన చోట ఏమీ లేదు. గ్రిప్పులు ఇంకా అవతలే ఉన్నాయి. వదిన మెల్లగా హ్యాండిల్ తిప్పుతూ తెచ్చి నా అరచేతుల్లో పెట్టింది. వీపు నిటారుగా లేచింది. ఇన్నాళ్ళ నొప్పి అంత సులువుగా దిగిపోతుంటే సిగ్గుగా, దుఃఖంగా అనిపించింది. బోల్టులు బిగించాను. బ్రేకు, క్లచ్ లీవర్లు వేళ్ళకి అందేలా సర్దాను. రెండు వైపులా పూర్తిగా తిప్పి తీగలేవీ లాగడం లేదని చూసుకున్నాను.

ఎర్ర గీత రెండు ముక్కలైంది. క్లాంప్ మీది ముక్క అక్కడే ఉంది, గొట్టం మీది ముక్క నావైపు జరిగింది. వదిన చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత హ్యాండిల్ మీద చెయ్యి ఉంచి, ప్రార్థన చేద్దాం అంది. ఈ బండి నడిపేవాణ్ణి కాపాడమని అడుగుతూ, పేరు దగ్గర ఆగిపోయింది. కాసేపటికి నా పేరు చెప్పింది.

సోమవారం సిగ్నల్ దగ్గర ఎర్ర లైటే పడింది. అద్దంలో ఎవరో ఒకాయన బుద్ధిగా నిటారుగా కూర్చుని ఉన్నాడు. నేను చెయ్యి ఎత్తలేదు.

సొసైటీ గేటు దాటి మలుపు తిరిగి, బాల్కనీ కింద ఇంజన్ ఆపి విన్నాను. పైన గంతుల చప్పుడు లేదు. తర్వాత, పాలవాడు వచ్చాడని చెప్పే గొంతుతో, "మమ్మీ, చాచూ ఆ గయే" అంది పాప.

పైకి వెళ్ళాను. ఈసారి పాప లోపలికి పరిగెత్తలేదు. నా చేతిలోంచి హెల్మెట్ తీసుకుని దాని లోపలికి తొంగి చూసింది.

"చాచూ, ఆజ్ పాపా నహీ ఉఠే?"

ఇవాళ నాన్న నిద్ర లేవలేదా అని. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఈ ప్రశ్నకి కూడా జవాబు వదినే చెప్పాలా అనిపించి, పాప ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"లేవలేదమ్మా. నాన్న చచ్చిపోయాడు" అన్నాను. ఆ మాట నేను పైకి అనడం అదే మొదటిసారి.