ఇద్దరి పాట

ప్రతి ఆదివారం మధ్యాహ్నం క్లీవ్‌లాండ్‌లోని ఒక చిన్న బారులో, తెరమీద మాటలు చూస్తూ పాడే కరవోకే మొదలవగానే, వెర్నన్ చొక్కా పైగుండీ పెట్టుకుని లేస్తాడు. ఎప్పుడూ ఒకటే పాట. పెద్దవాళ్ళ కార్టూన్ సీరియల్లో దొంగా, పోలీసమ్మా కలిసి పాడేది, ఇప్పుడు అందరి నోళ్ళలోనూ నానుతున్నది. దొంగ వంతుకి గొంతు బొంగురు చేస్తాడు. ఆమె వంతుకి మెడ పక్కకి తిప్పి సన్నగా అందుకుంటాడు. ఈ వారం కొత్తగా వచ్చిన మార్లీస్ రెండో మైకు తీసుకుని, "ఆడగొంతు నాది, సరేనా?" అంది. వెర్నన్ చెవులదాకా ఎర్రబడి తలూపాడు. కానీ ఆమె వంతు రాగానే అలవాటు కొద్దీ అతని మెడ తిరిగింది, గొంతు లేచింది. రెండోసారీ అంతే. ఆమె మైకు బల్లమీద పెట్టేసి, "మీకు తోడెందుకండీ, మీలోనే ఇద్దరున్నారు" అని నవ్వుతూ వెళ్ళి కూర్చుంది. వెర్నన్ తన వంతు పాడాడు. మళ్ళీ పోలీసమ్మ చరణం వచ్చినప్పుడు మాత్రం పెదవులు బిగించి నిలబడ్డాడు. పాడేవాళ్ళు లేక, తెరమీద ఆ మాటలు ఒక్కొక్కటే వెలిగి ఆరిపోయాయి.