కుడి చెవి, మూడు కార్లు

రెండేళ్లుగా నాకు కుడి చెవి సరిగా వినబడదు. నాగర్‌కర్నూల్ దవాఖానలో డాక్టరమ్మ, నరం దెబ్బతిన్నది, మిషను పెట్టుకోమని చీటీ రాసిచ్చింది. ఆ చీటీ ఇంట్లో నా భార్యకు కూడా చూపించలేదు. నేను డ్రైవర్ని. చెవికి మిషను తగిలించుకుని ఎదురుపడితే నాకు జీతమిచ్చే మా పటేల్ ఏమంటాడో ఊహించడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు.

ఒక్క సౌకర్యం ఉంది. డ్రైవరుకు కుడివైపు ఎవరూ కూర్చోరు. మాట్లాడేవాళ్లంతా ఎడమవైపు, కాకపోతే వెనక. మా పాత డీజిల్ బండి ఇంజన్ సంగతి చెవి దాకా పోనక్కర్లేదు, అరికాలికే తెలిసిపోతుంది. అలా నెట్టుకొచ్చాను.

మా పటేల్‌ది గద్వాల దగ్గరి గట్టు ఊరు. ఇప్పుడు విత్తన పత్తి పండిస్తాడు, అంతకుముందు పెబ్బేరు సంతలో ఎద్దుల బేరాలు చేసేవాడు. ఈమధ్య ఆయనకు ఒక పెద్ద కంపెనీ కారు మీద మనసు పడింది. ఒకే కంపెనీవి మూడు రకాలు: ఒకటి డీజిల్‌ది, ఒకటి పెట్రోలుకు తోడు బ్యాటరీ కూడా ఉన్నది, మూడోది పూర్తిగా కరెంటుది. హైదరాబాద్ షోరూం వాళ్లు మూడింటినీ వనపర్తిలో ఒక ఫంక్షన్ హాలు ముందు తెచ్చి నిలబెట్టారు.

"ఎద్దును ఎవడు తోల్తడో వాడే ఏరాలె. మా నాయిన కాలం సంది గిదే పద్ధతి. కొనేది నేను, మాట నీది" అన్నాడు పటేల్.

ఇంకొకడైతే ఆ గౌరవాన్ని ఊరంతా చెప్పుకుని తిరిగేవాడు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది.

మొదట డీజిల్‌ది. బరువైన బండి, కానీ ఎత్తు వచ్చినప్పుడు మెడ వంచిన ఎద్దులా లాగింది. పాత బండంత కాకపోయినా కాలి కింద సన్నగా అదురు ఉంది. కాస్త కుదుటపడ్డాను.

రెండోదాంట్లో నా పని అయిపోయింది. నెమ్మదిగా పోతే బ్యాటరీ, గట్టిగా నొక్కితే ఇంజన్. మారేది తెలియకుండా మారుతుంది, అదే దాని గొప్పతనమని వెనక సీట్లోంచి సేల్స్ ఆయన పాఠం చెబుతున్నాడు. ఏది నడుస్తున్నదో ముందున్న తెర మీద బొమ్మ వస్తుంది. పటేల్ ఏమడిగినా దాన్ని దొంగచూపులు చూస్తూ జవాబులు చెబుదామనుకున్నాను. పటేల్ ఊరుకుంటే కదా! సంతలో ధర పక్కవాడికి తెలియకుండా తువ్వాల కింద వేళ్లు పట్టుకుని బేరాలు చేసిన మనిషి. భుజం మీది తువ్వాల తీసి తెర మీద కప్పేశాడు.

"బొమ్మ జూసి ఎవడైన చెప్తడు. చెవితోని చెప్పు. ఇప్పుడు ఇంజనా, బ్యాటరీనా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి చెవి మీదికి పోయింది. మూడుసార్లు అడిగితే ఒకటే సరిపోయింది, అది కూడా గుడ్డిగా కొట్టిందే.

"ఏమైందయ్యా నీకియ్యాల?"

"ఏసీ హోరు, పటేలా."

ఏసీ అప్పటికింకా వేయనే లేదు.

మూడోదాంట్లో కూర్చుని బటన్ నొక్కాను. అదురు లేదు, చప్పుడు లేదు. "బండి చాలూ అయిందా?" అన్నాడు పటేల్. అంటే ఆయనకు కూడా ఏమీ వినబడలేదు! నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ బండిలో అందరం చెవిటివాళ్లమే. దీన్నే కొనిపించాలని అక్కడికక్కడే నిర్ణయించుకున్నాను. కానీ పటేల్ సీజన్లో పొద్దున గద్వాల, మధ్యాహ్నం వనపర్తి, సాయంత్రం నాగర్‌కర్నూల్ తిరుగుతూ చేన్ల దగ్గర ఆగే మనిషి. చార్జింగుకు ఎక్కడ పెట్టాలి, ఎంతసేపు ఆగాలి? బండి మంచిదే, మా తిరుగుడుకు పనికిరాదు. తెలిసీ నోరారా పొగిడాను.

"మస్తు మెత్తగ పోతుంది, పటేలా. లాగుడు జూస్తివా? గిదే తీస్కుందం."

అలా పొగుడుతూనే పెబ్బేరు చేరాను. ఆ రోజు సంత. చప్పుడు లేని బండి వెనక వస్తుంటే ఎవరు పక్కకు జరుగుతారు? ఎడమవైపు ఒక ఆటో అడ్డం వస్తే దాన్నే చూస్తున్నాను. పటేల్ "ఆపు! ఆపు!" అని అరిచి నా భుజం పట్టి గుంజాడు. బ్రేకు తొక్కాను. కుడివైపు సందులోంచి వచ్చిన ఎద్దుల జత బానెట్‌కు జానెడు దూరంలో ఆగి ఉంది. వాటిని తోలుకొచ్చినాయన నా పక్క అద్దం మీద గుద్దుతున్నాడు. నోరు కదులుతున్నది, ఒక్క ముక్క వినబడలేదు. అద్దం దించి, తలంతా తిప్పి ఎడమ చెవి ఆయనకు పెట్టాను.

"ఎంతసేపాయె మొత్తుకోవట్టి! చెవుడా నీకు?"

వనపర్తికి తిరిగిపోయి కారు అప్పజెప్పి, మా పాత బండిలో గద్వాలకు బయలుదేరాం. కృష్ణ వంతెన ఇంకా రాకముందే ఒక చాయ్ కొట్టు దగ్గర ఆపమన్నాడు. చాయ్ తెప్పించాడు గానీ తాగలేదు.

"ఏది తీస్కుందం? ఖరారుగ చెప్పు."

కరెంటుదే అంటే ఆ పూటకు గండం గడిచేది. మాట నాలుక దాకా వచ్చింది. కానీ అద్దం అవతల బెదిరిన ఎద్దు కళ్లు ఇంకా నా ముందే ఉన్నాయి.

"డీజిల్‌ది, పటేలా. మన తొవ్వలకు గదే సరి. కానీ నన్ను అడగకు. నాకు కుడి చెవి ఇనబడ్తలేదు. రెండేండ్లాయె."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన చెయ్యి చాపితే బండి తాళం ఇచ్చేశాను.

"దినాం పొద్దుగాల నా మనుమరాలిని బడికాడ దింపుతవు," అన్నాడు మెల్లగా. "గా పిల్ల దిగేది కుడిదిక్కే గదయ్యా. తలుపేసిందో లేదో, ఆగుమని మొత్తుకుందో, నీకెట్ల ఎర్క?"

పని పోతుందని రెండేళ్లు భయంతో చచ్చాను. ఆ పిల్ల కోసం ఒక్కనాడు కూడా భయపడలేదు.