పదిహేడో నంబరు ఈగలు

ఈ ఉదయం ల్యాబ్‌లో ఒక గాజు గొట్టానికి పెట్టిన దూది మూత మీద నల్లటి మరక కనిపించింది. లోపల మేతంతా బూజు పట్టి, ఈగలన్నీ దానికి అంటుకుని చనిపోయి ఉన్నాయి. పక్కనున్న రెండో గొట్టంలోనూ అంతే.

అవి పదిహేడో నంబరు వంశం పండ్ల ఈగలు. వాటి డీఎన్‌ఏలో ఒక చిన్న ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది. తరం మారినకొద్దీ ఆ ముక్కలు పెరుగుతున్నాయి. ఇంకే వంశంలోనూ అలా లేదు. మూడేళ్లుగా లెక్కపెడుతున్నాను.

ప్రతి వంశాన్నీ రెండు గొట్టాల్లో పెంచుతాం. ఒక విడత మేత చెడిపోయినా రెండో గొట్టం మిగలాలని, రెండింటికీ ఒకే రోజు మేత మార్చకూడదు. హాంబర్గ్‌లో లాక్‌డౌన్ వచ్చాక ల్యాబ్‌కు ఒక్కొక్కరం వారానికి ఒక్కరోజే వెళ్తున్నాం. రెండు వారాల క్రితం నా గురువారం తప్పిపోయింది. మర్నాడు అనుమతి అడిగి వెళ్లి, హడావిడిలో రెండింటికీ ఒకే విడత మేత పెట్టేశాను.

క్వారంటైన్‌లో ఉన్న మా సీనియర్ రమేశన్నకు ఫోన్ చేశాను.

"రెండూ పోయినయా? ఫ్రీజర్ల డీఎన్‌ఏ ఉంది గద?"

"ఉంది అన్నా. కానీ ఇక తర్వాతి తరం ఉండదు."

"సరే తియ్, దినాలు చేద్దాం. వీడియో కాల్‌ల అందరం వస్తం" అని నవ్వించబోయాడు. నేను నవ్వకపోయేసరికి, "అయినా నువ్వు గురువారం ఎట్ల మర్చిపోయినవమ్మా?" అన్నాడు.

ఫోన్ పెట్టేసి, మాస్కు తడిసేదాకా ఏడ్చాను. ఈగల కోసం ఏడ్చినవాళ్లు మీలో ఇంకెవరైనా ఉంటే కింద రాయండి. నాకు కాస్త సిగ్గు తగ్గుతుంది.

ఆ గురువారం హైదరాబాద్‌లో మా అక్క అంత్యక్రియలు జరిగాయి. నేను ఫోన్‌లో చూశాను.