కనకవ్వ వంటింట్లో కింది బోర్డు

మా అక్క కనకవ్వ పట్టిన పట్టు విడవని మనిషి. చిన్నప్పుడు జడపిన్నుల దగ్గర మొదలైన ఆ మొండితనం, కొత్త వంటింట్లో స్విచ్‌బోర్డు ఎక్కడ పెట్టాలనే దగ్గరికొచ్చేసరికి మొగుడూ పెళ్లాలను విడదీసేదాకా పోయింది. నేను కోరుట్లలో జాకెట్లు కుట్టి బతికేదాన్ని. ఆ పూట ఇవ్వాల్సిన బట్టలన్నీ మిషన్ మీదే వదిలేసి, జగిత్యాలలో బస్సు మారి వెల్గటూరుకు ఉరికాను. ఎందుకంటే పొద్దున్నే బావ ఫోన్ చేశాడు.

"రజితా, మీ అక్క నా మాట ఇంటలేదు. బోర్డు నాకందేకాడ పెట్టియ్యకపోతె నేను ఇయ్యాల్నే సిరిసిల్లకు పోత. మా తమ్మునికి చెప్పిన. ఆడ బట్ట నేసే సాంచెల కాడ కూసొని కండెలన్న చుడ్త."

బావ ఉత్తుత్తి మాటలు మాట్లాడే మనిషి కాదు. అదే నా భయం.

బావ పేరు దేవయ్య. తాళ్లెక్కి కల్లు గీసేవాడు. ఊళ్లో అంత ఒడుపుగా ఎక్కేవాళ్లు ఇంకొకరు లేరని మా అక్కకు ఎంత మురిపెమో! ముందటేడు వానల్లో మోకు జారి పడ్డాడు. నడుము పూస విరిగింది. ఇక కాళ్లు రావని కరీంనగర్‌లో డాక్టరు మా ముగ్గురి ముందే చెప్పాడు. అక్క ఆ మాట విన్నది. విన్నట్టు మాత్రం ఒక్కనాడూ ఒప్పుకోలేదు. ఆసుపత్రి నుంచి తిన్నగా కొండగట్టుకు పోయి, "నా మొగడు తన కాళ్ల మీద నడిచి నీ గుట్టెక్కాలె స్వామీ" అని ముడుపు కట్టి వచ్చింది. అప్పటి నుంచి ఆయన మోకును దులిపి, నూనె రాసి, మేకుకు తగిలించి పెడుతుంది. రేపో మాపో ఆయన దాన్ని నడుముకు చుట్టుకుని తాళ్లల్లకు పోతాడన్నట్టు!

సంసారం నడవాలి కదా. అక్క బడిలో పిల్లలకు అన్నం వండే పనికి కుదిరింది. ఊరి పిల్లలందరికీ వేడి వేడిగా వడ్డిస్తుంది, ఇంట్లో మొగుడేమో మూతపెట్టిన చల్లన్నం తింటాడు. ఒకనాడు మబ్బు పట్టి వంటింట్లో కళ్లు కనబడకుండా అయింది. చాయ్ పెట్టుకుందామని బావ చేతుల మీద దేక్కుంటూ పోయాడు. స్విచ్చేమో నిలబడ్డ మనిషి భుజం ఎత్తున ఉంది. కట్టెతో బుగ్గ, అదే కరెంటు బల్బు, వెయ్యబోయి, అందక, తూలి కత్తిపీట మీద పడ్డాడు. అక్క వచ్చేదాకా తెగిన చేతికి తువ్వాల చుట్టుకుని ఆ చీకట్లోనే కూర్చున్నాడు. ఆనాటి నుంచి ఆయనను వంటింటి గడప దాటనిస్తే ఒట్టు.

ఆ వంటింటి మట్టిగోడ మొన్నటి వానలకు కూలింది. ఇటుకలతో కొత్తది కట్టారు. కింద ఒక బండ వేయించుకుని, దాని మీద కరెంటు పొయ్యి పెట్టుకుని, తన వంట తాను చేసుకుంటానని బావ ఆశ. దానికి ప్లగ్గూ, బుగ్గ స్విచ్చూ కూర్చున్న మనిషికి అందాలి. ఇంతే ఆయన కోరింది. గొంతెమ్మ కోరికా ఇది?

నేను పోయేసరికి కరెంటు పని చేసే రవీందర్ గోడ కోసే మిషన్ పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. తెల్లారితే మేస్త్రీ సిమెంటు పూతకు వస్తాడు, ఆలోపు పైపులు గోడలో పడాలి. గోడ మీద పైన అక్క గీసిన గీత ఉంది. కింద బావ గీయించిన గీతను అక్క కొంగుతో తుడిచేసిన మరక ఉంది. బావ గడప అవతల కూర్చున్నాడు. పక్కన సంచీ సర్ది ఉంది.

"ఏందే అక్కా ఇది! ఆయనకందేకాడ పెడితె నీ సొమ్మేం పోతది?" అని అరిచాను.

"నువ్వు నోర్మూస్కో. కింద పెడితె నీళ్లు పడ్తయి, షాకు కొడ్తది."

"నీళ్ల సింకు గా మూలకున్నదక్కా," అన్నాడు రవీందర్. "గీ గోడకు చుక్క పడది. మూత బోర్డు పెడ్త."

"ఎలుకలు కొరుకుతయి."

"వైర్లు పైపుల ఉంటయి గదక్కా!"

"అచ్చెటోళ్లు సూసి నవ్వుతరు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నవ్వితె నవ్వనీ! ఎవ్వలన్న అచ్చి అన్నం పెడ్తున్నరా మనకు?"

రవీందర్ మధ్యలోకి వచ్చాడు. "లొల్లెందుకక్కా? మీదొకటి కిందొకటి పెడ్త. ఏడికెల్లి ఏసినా ఎలుగుతది, ఏడికెల్లైనా ఆర్పచ్చు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంత సులువైన దారి ఉండగా ఇంత రాద్ధాంతమా అనుకున్నాను. అక్క మాత్రం తల అడ్డంగా ఊపింది.

"మీదొక్కటే. కింద అద్దంటె అద్దు."

అప్పుడు అర్థమైంది నాకు. నీళ్లూ కాదు, ఎలుకలూ కాదు.

బావ గడప మీద చెయ్యి ఆనించి, ఒళ్లును ఇవతలికి లాక్కున్నాడు. అక్క అడ్డం పోయింది. ఆయన ఆగలేదు. ఇంకా బండలు పరవని ఇసుకలో దేక్కుంటూ గోడ దాకా వచ్చాడు.

"కనకవ్వా, డాక్టరు చెప్పంగ ఇన్నవా లేదా?"

"గా మాట తియ్యకు."

"ఇన్నవా లేదా?"

"డాక్టరేమన్న దేవుడా?" అక్క గొంతు చీలిపోయింది. "ముడుపు కట్టిన నేను! కింద బోర్డు పెట్టిచ్చిన్నంటె, ఇగ నువ్వు జన్మల లెవ్వవని నా చేతులతోటి నేనే గోడ మీద రాసినట్టు. నాతోని కాదు."

బావ గొంతు పెంచలేదు. పెంచితేనే బాగుండేది. "రెండేండ్ల సంది నీ మొక్కు కిందనే పండుకున్ననే. ఎప్పుడు లేస్తనా అని సూస్తవు గని, కూసున్నోన్ని సూస్తలేవు. ఆకలైతె నువ్వచ్చేదాక ఆగాలె. చీకటైతె నువ్వచ్చేదాక ఆగాలె. గీ ఇంట్ల నేనేమన్న సామానునా? ఇగ నన్ను కూసోనియ్యి. లేదంటె పోనియ్యి."

అక్క బయటికి వెళ్లిపోయింది. ఎంతకీ రాలేదు. రవీందర్ వైర్లు చుట్టెయ్యడం మొదలుపెట్టాడు. బావ ఫోన్ తీసి తమ్ముడి నంబరు నొక్కాడు. "జరసేపాగు బావా, నీకు దండం పెడ్త" అని బతిమాలుకున్నాను. అవతల ఫోన్ మోగుతుండగానే అక్క లోపలికి వచ్చింది. మొహం కడుక్కున్నట్టుంది, కొంగంతా తడి. ఎవరివైపూ చూడకుండా వచ్చి ఇసుకలో బావ పక్కన కాళ్లు చాపుకుని కూర్చుంది. ఫోన్ తీసుకుని కట్ చేసింది.

"చెయ్యి లేపు."

బావ లేపాడు.

"అంత గుంజుకోకు. అల్కగ ఏడికందుతదో గాడ పెట్టు."

బావ అరచెయ్యి గోడకు ఆన్చాడు. అక్క అక్కడ పెన్సిలుతో గీత గీసింది. ఈసారి గట్టిగా, ఇటుక గీరుకుపోయేలా.

"గిక్కడ కోయ్ రవీందర్. బుగ్గ స్విచ్చి, పొయ్యి ప్లగ్గు, రెండు గిండ్లనే."

"మరి మీదిది గూడ పెట్టనా అక్కా?"

"మీద ఎవ్వలకు? నేను వంగుత తీయ్."

రవీందర్ మిషన్ ఆన్ చేశాడు. చెవులు చిల్లులు పడే మోత, ఇల్లంతా ఎర్రటి ఇటుక పొడి. అక్క కొంగు విప్పి బావ తల మీదా తన తల మీదా కప్పింది. నేను గడపలోకి జరిగి ముక్కు మూసుకున్నాను. గీత సగం దాకా కోసి, కళ్లు తుడుచుకోవడానికి రవీందర్ మిషన్ ఆపాడు.

అప్పుడు వినపడింది. కొంగు లోపల అక్క బావ భుజాన్ని పట్టుకుని గొంతెత్తి ఏడుస్తోంది. ఆయన పడ్డనాటి నుంచి ఆమె ఏడవగా నేను చూడలేదు. మోత ఆగిన సంగతి కూడా ఆమెకు తెలియలేదు.

బావ కొంగు కిందనుంచి చెయ్యి బయటపెట్టి, మిషన్ మళ్లీ ఆన్ చెయ్యమని రవీందర్‌కు సైగ చేశాడు.