అల్లుడు పెట్టిన గంట

నారాయణపేటలో మాది మగ్గాల ఇల్లు. ముందు గదిలో రెండు మగ్గాలు. మూడోది బిగించాల్సిన జాగాలో, నా బిడ్డ పోరు పడలేక, మా ఆయన హైదరాబాదు నుంచి ఒక పాత కంప్యూటర్ తెచ్చి పెట్టాడు. బిడ్డ దాని మీద గడులు గడులుగా చీర అంచులు గీసేది. అందులో పడితే ఆకలి కూడా గుర్తుండేది కాదు.

కొత్త మగ్గం చూడడానికి మావాళ్లు వట్టి చేతులతో రారు. కంప్యూటరుకూ అదే మర్యాద నడిచింది. కొబ్బరికాయకు బదులు ఫ్లాపీ. దాంట్లోంచి ఒకరు తెర మీదికి గడియారం ఎక్కించారు, ఒకరు ఈదే చేపలు, ఇంకొకరు క్యాలెండర్. మా మామ అల్లుడు, అంటే నా ఆడబిడ్డ భర్త, దీపం వెలిగి గంట మోగే బొమ్మ పెట్టిపోయాడు. మీట నొక్కగానే అన్నీ వాటంతటవే తెరుచుకోవాలి. లేకపోతే ఇచ్చినట్టు ఎట్లా తెలుస్తుంది?

ఇక చూడండి. పొద్దున మీట నొక్కి బియ్యం కడిగి ఎసట్లో పోసి వచ్చినా చేపలు కనబడేవి కావు. అన్నం వార్చేవేళకు గంట మోగేది.

మా మామకు విసుగొచ్చింది. "గింత సేపట్ల నేను నూలు కండెలన్ని చుట్టుకుందును. గీ శుక్రారం దాన్ని తీసేసి మగ్గం దించుత."

బిడ్డ కళ్లలో నీళ్లు తిరిగాయి. "అందరిచ్చినయి ఒక్కసారే లేస్తున్నయి తాతా, గందుకే ఆలస్యం. తీసేస్తే జల్ది ఒస్తది."

"అల్లుడు పెట్టింది తీసేస్తవా? రేపు గంటేదంటే నా మొఖం ఏడ పెట్టుకోవాలె?"

నా చూపు అటక మీదికి పోయింది. పెళ్లిళ్లలో వచ్చిన స్టీలు బిందెలన్నీ అక్కడే బోర్లించి ఉన్నాయి. ఏది ఎవరు పెట్టారో నాకు నోటికే వచ్చు. ఎవరొస్తే వాళ్ల బిందె దించి నీళ్లు నింపి పెడతాను.

"మామా, మీ అల్లుడు పెట్టిన బిందె రోజు వాడుతున్నమా? ఆయనొచ్చిన నాడే దించుతం గద. గంట గూడ గట్లనే పెడితే?" అన్నాను. బిడ్డ వైపు తిరిగి, "పారెయ్యకుంట లోపల పెట్టనీకి ఒస్తదా?" అని అడిగాను.

"ఒస్తదమ్మా! మనం పిలిస్తేనే లేస్తది."

మా మామ మగ్గం మీదికి పోయాడు. వద్దని అనలేదు, అది చాలు. బిడ్డ అందరివీ లోపల పెట్టేసింది.

తెల్లారి బియ్యం ఇంకా కడుగుతూనే ఉన్నాను, "అమ్మా, వచ్చేసింది!" అని బిడ్డ కేక. మా మామ చేతిలో కండెతోనే వచ్చి తెర ముందు నిలబడ్డాడు. "ఏదీ, గా అంచు జర పెద్దగ చెయ్యి" అన్నాడు.

శుక్రవారం వచ్చింది, పోయింది.

కొన్నాళ్లకు వీధి మొదట్లో అల్లుడి గొంతు వినబడింది. మా మామ మగ్గం మీద నుంచే అరిచాడు. "ఓ పోరీ, గంట కొట్టియ్యి! బిందె దించుండ్రి!"

అల్లుడు చెప్పులు విడుస్తుంటే గంట గణగణా మోగింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"రోజు గిట్లనే మోగుతదా మామా?"

"గది మోగకుంటె మాకు తెల్లారదు" అన్నాడు మా మామ, నా వైపు చూడకుండా. మూడో మగ్గం మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.