దిగ్విజయంగా నూరో రోజు

మొన్న నాంపల్లి స్టేషన్ నుంచి ఆటోలో అబిడ్స్ వైపు వస్తుంటే, గోడ మీది సినిమా పోస్టర్ చూసి మనవరాలు అడిగింది, "అమ్మమ్మా, దిగ్విజయంగా రెండో రోజు అని రాసిన్రు. దిగ్విజయం అంటే ఏంది?" బి.ఏ.లో తెలుగు చదివినదాన్ని, ఇలాంటివి అడిగితే చాలు, నన్ను ఆపడం కష్టం. దిక్కులను గెలవడం, అన్నాను. పూర్వం రాజు సైన్యంతో ముందు తూర్పుకు బయల్దేరేవాడట. అక్కణ్ణించి కుడిచేతివైపుగా దక్షిణం, పడమర, ఉత్తరం చుట్టి, అందరినీ గెలిచి, కప్పాలు మోయించుకుని రాజధానికి తిరిగొచ్చేవాడు. ఊరంతా తోరణాలు, మేళాలు. ఆ గెలుపూ ఆ పండగా కలిపి దిగ్విజయం. "రెండు రోజుల్లోనే ఇవన్నీ అయినయా?" అంది పిల్ల. ఆటోవాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ మాట వింటే నాకు సంతోషం లేదు, బాధా లేదు. తిమ్మిరెక్కిన కాలిని గిల్లుకున్నట్టు ఉంటుంది, అంతే.

నేను బి.ఏ. చదివే రోజుల్లో మా పెదనాయన అబిడ్స్ వెనక సందులో ఒక టాకీసుకు మేనేజరు. నాన్న పోయాక అమ్మనూ నన్నూ నాంపల్లిలోని తన ఇంటికి తెచ్చుకున్నది ఆయనే. ఆయనకూ పెద్దమ్మకూ పిల్లలు లేరు. అమ్మ అప్పటికి ఆరు నెలలుగా అడిగిందానికి జవాబు చెప్పడమే తప్ప తనంతట తాను ఒక్క మాటా మాట్లాడలేదు. ఏడవలేదు కూడా. ఇంట్లో అందరం మెల్లగా నడిచేవాళ్లం, మెల్లగా తినేవాళ్లం. ఆ రోజుల్లో సినిమా నూరు రోజులు ఆడితే పెద్ద సభ పెట్టి, ఆడిన ప్రతి టాకీసు మేనేజరుకూ హీరో చేత షీల్డు ఇప్పించేవాళ్లు. మా టాకీసుకు వచ్చే సినిమాలు మూడు వారాలకే మూట కట్టేవి. ముప్ఫై ఏళ్ల నౌకరీలో పెదనాయనకు ఒక్క షీల్డూ రాలేదు. ఇంకో నాలుగు నెలల్లో రిటైరు కావాల్సి ఉండగా, ఎట్లా ఆడిందో ఏమో, ఒక సినిమా డెబ్బయ్యో రోజుకు చేరింది.

గేటు మీద గుడ్డ బ్యానర్ కట్టించాడు, 'దిగ్విజయంగా డెబ్బయ్యో రోజు' అని. లోపల చూస్తే మ్యాట్నీకి మనుషులు లేరు. పదిమంది కూడా రాకపోతే మిషన్ నడిపేది లేదని, సినిమా తీసేస్తానని టాకీసు సేటు చెప్పేశాడు. ఆ రోజు పెదనాయన ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా గడపలో నిలబడ్డాడు. "ముప్ఫై దినాలు. మీరు రోజూ మ్యాట్నీకొచ్చి జర కూసోన్రి. టికెట్లు నేనే కొంట. గంతే," అన్నాడు. "మేం ముగ్గురమే గదా," అంది పెద్దమ్మ. "పక్కింటోళ్లను గూడ తోల్కరా."

ముప్ఫై రోజులు అదే సినిమా. ఫ్యాను బాగా తిరిగే వరస చూసుకుని కూర్చునేవాళ్లం. పెద్దమ్మ చిక్కుడుకాయలు తెచ్చుకుని చీకట్లోనే ఈనెలు తీసేది. నాకు పరీక్షలు దగ్గర పడ్డాయి. పాటలప్పుడు తెర వెలుతురు ఎక్కువ కాబట్టి పాటల్లో చదువుకునేదాన్ని. హీరోయిన్ మొగుడు చచ్చిపోయే సీను వస్తుంటే మొదట్లో పెద్దమ్మా నేనూ అమ్మను ఓరగా చూసేవాళ్లం. అమ్మ తెర వైపు చూస్తూనే ఉండేది, ముఖంలో ఏమీ ఉండేది కాదు. పది రోజులయ్యాక మేమూ అలాగే అయ్యాం. తెర మీద మనిషి పోతుంటే పెద్దమ్మ మంచినీళ్లు తాగేది, పక్కింటావిడ జడ విప్పి మళ్లీ అల్లుకునేది. ఎనభై ఎనిమిదో రోజనుకుంటాను, అమ్మ ఉన్నట్టుండి, "గీ పాటైనంక వాన సీనొస్తది," అంది. ఎవరూ అడగలేదు. పెద్దమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. "ఔ," అంది, మళ్లీ ఈనె తీస్తూ. వాన సీను వచ్చింది.

నూరో రోజు వచ్చింది, ఆ సాయంత్రమే సభ జరిగింది. పెదనాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టేజీ ఎక్కాడు. హీరో ఆయన ముఖం చూడకుండానే, కెమెరా వైపు నవ్వుతూ షీల్డు ఇచ్చాడు. తిరిగొచ్చి మా పక్కన కూర్చుని దాన్ని ఒళ్లో బోర్లా పెట్టుకున్నాడు. ఇంటికొస్తుంటే దారిలో నన్ను అడిగాడు, "బిడ్డా, దిగ్విజయం చేసిన రాజు వాపసొచ్చినంక ఏం చేస్తుండె?" యజ్ఞం చేసి తెచ్చిందంతా పంచిపెట్టేవాడట, అన్నాను. "మంచిగ చేసిండు. ముప్ఫై ఏండ్లు కావాలె కావాలె అనుకున్న. ఇప్పుడు చేతిలున్నది, ఏమనిపిస్తలేదు. జర సంతోషమన్న గావాలె గద?" ఇంటికి వచ్చాక షీల్డు పెద్దమ్మకు ఇచ్చేశాడు. ఆమె దాన్ని బియ్యం డబ్బా మూత మీద బరువుకు పెట్టింది.

మర్నాడు ఆ సినిమా లేదు. మధ్యాహ్నం రెండున్నరకు నేను గదిలోంచి వచ్చేసరికి, పెద్దమ్మా అమ్మా చీరలు మార్చుకుని, నీళ్ల సీసా నింపుకుని, వసారాలో తయారుగా కూర్చుని ఉన్నారు. ఎక్కడికీ వెళ్లేది లేదని ఇద్దరికీ తెలుసు. కాసేపటికి, ఆ రోజుకు సెలవు పెట్టిన పెదనాయన కూడా వచ్చి వాళ్ల పక్కనే కూర్చున్నాడు. అమ్మ ఆ సినిమా కథ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. అందరం చూసిందే అయినా ఎవరూ ఆపలేదు, ఆట ముగిసే వేళ దాకా విన్నాం. ఆ ముప్ఫై రోజులు ఎప్పుడు గడుస్తాయా అని వేళ్ల మీద లెక్కపెట్టుకున్న నలుగురిలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. ఇంకొక్క రోజు ఆడి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తోంది.